అక్క చదువుకు చెల్లెలి జీతం – మేరీ క్యూరీ జీవితం

ప్రతి ఏడూ మన నివేదికలో లెక్కల పేజీలు అయిపోయాక ఒక గొప్ప స్త్రీ జీవితం వేసుకుంటున్నాం. ఈసారి రాసే పని నాకు అప్పజెప్పారు. మేరీ క్యూరీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. పిల్లల సైన్సు పుస్తకంలో నల్ల గౌను వేసుకుని, జుట్టు ముడి పెట్టుకుని ఉంటుందే, ఆమే. రేడియం కనిపెట్టింది, రెండు నోబెల్ బహుమతులు వచ్చాయి, ఈ రెండు ముక్కలు రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. పదో తరగతిలో నేనూ అంతే రాసి పాసయ్యాను. ఇప్పుడు కూర్చుని ఆమె కథ మొత్తం చదివితే, సైన్సు కంటే ముందు నా కంటికి కనబడింది డబ్బు లెక్క. ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు తిరిగి కట్టారు, కాగితం మీద ఎవరి పేరు రాయించారు. సంఘం నడిపే వాళ్లకు కళ్లు అక్కడికే పోతాయి మరి.

ఆమె పుట్టింది 1867 నవంబరు 7న, పోలండ్‌లోని వార్సా పట్టణంలో. అప్పటికి పోలండ్ అనే దేశం పటంలో లేదు. చుట్టూ ఉన్న మూడు రాజ్యాలు దాన్ని పంచుకుని తినేశాయి. వార్సా రష్యా చక్రవర్తి చేతిలో ఉండేది. బడిలో సొంత భాషలో పాఠం చెప్పకూడదు, అంతా రష్యన్‌లోనే. ఈ అమ్మాయి అసలు పేరు మరియా స్క్లొడొవ్‌స్కా. ఇంట్లో మాన్యా అని పిలిచేవారు. ఐదుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి లెక్కలు, భౌతిక శాస్త్రం చెప్పే మాస్టారు. తల్లి ఆడపిల్లల బడి నడిపిన మనిషి. చదువుకి లోటు లేని ఇల్లే కానీ డబ్బుకి లోటు. పై అధికారులకి నచ్చక తండ్రి ఉద్యోగం దెబ్బతింది, ఉన్న కాస్త డబ్బు ఎవరినో నమ్మి పెట్టుబడి పెడితే అదీ మునిగిపోయింది. ఇక ఇంట్లోనే బయటి పిల్లలను పెట్టుకుని భోజనం పెట్టి చదువు చెప్పడం మొదలెట్టారు. ఆ వచ్చిన పిల్లల నుంచి జ్వరం అంటుకుని పెద్దక్క చనిపోయింది. తర్వాత తల్లి క్షయతో పోయింది. అప్పటికి మాన్యాకి పదేళ్లు.

బడి చదువు 15 ఏళ్లకే ముగించింది, బంగారు పతకంతో. 1883లో. ఆ తర్వాత దారి లేదు. వార్సా విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లను చేర్చుకోరు. అయితే ఆ ఊళ్లో ఆడవాళ్లు ఒక పని చేశారు. పోలీసులకి తెలియకుండా ఇళ్లల్లో చదువు పెట్టుకున్నారు. ఈ వారం ఒకరింట్లో, పై వారం ఇంకొకరింట్లో. దానికి ఎగిరే విశ్వవిద్యాలయం అని పేరు. ఒక్కచోట కుదురుగా ఉంటే దొరికిపోతారు కాబట్టి. మన సంఘాలు మొదలైన రోజుల్లో కూర్చోవడానికి చోటు లేక ఒక్కో వారం ఒక్కొక్కరి అరుగు మీద మీటింగు పెట్టుకున్నవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. మాన్యా, ఆమె అక్క బ్రోన్యా ఇద్దరూ అక్కడే చదివారు.

బ్రోన్యాకి డాక్టరు కావాలని కోరిక. మాన్యాకి సైన్సు చదవాలని. ఇద్దరికీ పారిస్ వెళ్తే తప్ప కుదరదు. ఇద్దరి దగ్గరా కలిపి ఒక్కరికి కూడా సరిపోయే డబ్బు లేదు. అప్పుడు 17 ఏళ్ల చెల్లెలు ఒక ఒప్పందం చెప్పింది. ముందు అక్క వెళ్లాలి. నేను పెద్దవాళ్ల ఇళ్లలో పిల్లలకి చదువు చెప్పే పనికి కుదిరి నెలనెలా డబ్బు పంపుతాను. అక్క డాక్టరయ్యాక నన్ను పిలిపించుకోవాలి. ఇదీ మాట. కాగితం లేదు, సాక్షి సంతకం లేదు, వడ్డీ లేదు. బ్రోన్యా ముందు ఒప్పుకోలేదట. తెలివైనది నువ్వు, నువ్వే ముందు పో అందట. మాన్యా మాత్రం అక్కకి 20 దాటాయి, ఆలస్యం చేస్తే ఎలా అని పట్టుబట్టింది.

1886 జనవరి మొదటి తారీకున ఆమె మంచులో రైలెక్కి, దిగి బండెక్కి, ష్చూకి అనే పల్లెకి చేరింది. ఆ ఇంటాయన పెద్ద భూముల వ్యవహారం చూసేవాడు. చుట్టూ చక్కెర దుంప పొలాలు. జీతం ఏడాదికి 500 రూబుళ్లు. అందులో దాదాపు సగం పారిస్‌కి పోయేది. పగలు ఆ ఇంటి పిల్లలకి చదువు చెప్పి, రాత్రి తన పుస్తకాలు తనే చదువుకునేది, లెక్కలు చేసి తండ్రికి ఉత్తరంలో పంపి దిద్దించుకునేది. అది చాలదన్నట్టు, పొలం పని వాళ్ల పిల్లలను సాయంత్రం తన గదికి పిలిచి సొంత భాషలో అక్షరాలు దిద్దించింది. పట్టుబడితే సైబీరియాకి పంపే నేరం అది. ఆ పిల్లలు మట్టి కాళ్లతో వెనక మెట్ల మీదుగా ఎక్కి వచ్చేవారు.

ఆ ఇంటి పెద్ద కొడుకు సెలవులకి వచ్చి ఆమెని ఇష్టపడ్డాడు. పెళ్లి చేసుకుంటానన్నాడు. తల్లిదండ్రులు ఒక్క మాటతో కొట్టేశారు. చిల్లిగవ్వ లేని, పిల్లలకి చదువు చెప్పడానికి జీతానికి వచ్చిన పిల్ల మా ఇంటి కోడలా అని. అతను ఎదురు చెప్పలేదు. ఆమె అవమానంతో ఆ ఇల్లు వదిలి పోవచ్చు, కానీ పోలేదు. ఇంకా ఏడాది పైన అక్కడే, అదే బల్ల దగ్గర, అదే మనుషుల మధ్య పని చేసింది. ఎందుకంటే పారిస్‌లో అక్క ఫీజు వాయిదా ఆగిపోతుంది. నాకు ఈ కథ మొత్తంలో నోబెల్ బహుమతి కంటే ఈ ఏడాదే పెద్దదిగా అనిపిస్తుంది. ఆ కుర్రాడు తర్వాత పేరున్న లెక్కల ప్రొఫెసర్ అయ్యాడు, అది వేరే సంగతి.

అప్పు తీర్చడం కూడా ఎలా జరిగిందో చూడండి. తండ్రికి కొంచెం మంచి జీతం దొరికాక ఆయనే బ్రోన్యాకి డబ్బు పంపడం మొదలెట్టాడు. వెంటనే బ్రోన్యా, నాకు పంపేదాంట్లో కొంత కోసి మాన్యా పేరు మీద దాచండి అని తండ్రికి రాసింది. అలా చెల్లెలి పొదుపు మొదలైంది. 1890లో బ్రోన్యా చదువు అయిపోవస్తూ ఉంది, పెళ్లి కుదిరింది, ఇక నువ్వు రా అని కబురు పెట్టింది. మాన్యా ఆలోచించింది, తండ్రిని వదల్లేక వెనకాడింది. చివరికి 1891లో పరుపు, దుప్పటి, మడత కుర్చీ మోసుకుని రైలెక్కింది. జర్మనీలో నాలుగో తరగతి పెట్టెలో కూర్చోవడానికి సీట్లు కూడా ఉండవు, అందుకు ఆ కుర్చీ. 24 ఏళ్లకి సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చేరింది. అక్కడ మేరీ అని పేరు రాయించింది.

మొదట అక్క ఇంట్లోనే ఉంది. తర్వాత కాలేజీకి దగ్గరగా ఒక మేడ మీద గది తీసుకుంది. చలికాలంలో బొగ్గు కొనడానికి డబ్బు చాలక, ఉన్న బట్టలన్నీ ఒంటి మీద, దుప్పటి మీద కప్పుకుని పడుకునేది. రొట్టె, టీతో రోజులు గడిపి ఒకసారి కళ్లు తిరిగి పడిపోయింది. బావ వచ్చి తీసుకుపోయి తిండి పెట్టాడు. ఇలా ఉంటూనే 1893లో భౌతిక శాస్త్రం పరీక్షలో అందరికంటే మొదటి స్థానంలో నిలిచింది, మరుసటి ఏడు లెక్కల్లో రెండో స్థానం. మధ్యలో సొంత దేశం నుంచి 600 రూబుళ్ల స్కాలర్‌షిప్ వచ్చింది. కొన్నేళ్ల తర్వాత ఉక్కు రకాల మీద ఒక పరిశోధన చేసి మొదటిసారి సొంత డబ్బు చేతిలో పడగానే, ఆ 600 తిరిగి పంపేసింది. ఇచ్చినవాళ్లే ఆశ్చర్యపోయారు, ఎందుకంటే అది ఎవరూ తిరిగి కట్టే డబ్బు కాదు. తన తర్వాత ఇంకో పేద పిల్లకి అందాలని ఆమె లెక్క.

ఆ ఉక్కు పని చేయడానికి చోటు వెతుక్కుంటుంటేనే పియరీ క్యూరీ పరిచయమయ్యాడు. అప్పటికే మంచి శాస్త్రవేత్త, పదవులంటే పట్టని మనిషి. 1895 జులై 26న పెళ్లి చేసుకున్నారు. పెళ్లి బట్ట ముదురు నీలం రంగుది కావాలంది, తర్వాత ప్రయోగశాలలో కట్టుకోవడానికి పనికొస్తుందని. కానుకగా వచ్చిన డబ్బుతో రెండు సైకిళ్లు కొని ఊళ్లు తిరిగారు. మేరీ ఇంటి ఖర్చు పుస్తకం రాసేది. 1897 సెప్టెంబరులో పెద్ద కూతురు ఐరీన్ పుట్టిన రోజు అయిన ఖర్చు కూడా అందులో రాసి ఉంది. పిల్లకి ఏ పన్ను ఎప్పుడు వచ్చిందో ఒక నోటు, కాయలతో మురబ్బా ఎలా చేశానో ఒక నోటు, ప్రయోగం లెక్కలు ఒక నోటు. బిడ్డని చూసుకున్నది మామగారు. ఆయన డాక్టరు, భార్య పోయి కొడుకు ఇంటికి వచ్చి ఉన్నాడు. ఆ పెద్దాయన లేకపోతే రేడియం లేదని నేనంటాను.

ఇప్పుడు ఆమె చేసిన పని ఏమిటో నాకు అర్థమైనంతలో చెప్తాను. 1896లో బెక్వెరెల్ అనే శాస్త్రవేత్త, యురేనియం అనే లోహం నుంచి కంటికి కనబడని కిరణాలు వస్తున్నాయని గమనించాడు. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో గని ఉందే, అందులో తీసే యురేనియమే ఇది. ఎండలో పెట్టకపోయినా, కాల్చకపోయినా, ఊరికే పెట్టెలో ఉన్నా దాన్నుంచి కిరణాలు వస్తూనే ఉంటాయి. మిగతావాళ్లు దాన్ని వింతగా చూసి వదిలేశారు. మేరీ దాన్ని కొలవాలనుకుంది. ఆ కిరణాలు తగిలితే గాలిలో చాలా కొద్దిగా కరెంటు పారుతుంది. ఆ కాస్త కరెంటుని కొలిచే పరికరం పియరీ, ఆయన అన్న కలిసి ముందే తయారు చేసి ఉన్నారు. మేరీ దొరికిన ప్రతి రాయినీ, ప్రతి పొడినీ దాని మీద పెట్టి కొలిచింది.

పిచ్‌బ్లెండ్ అనే నల్లటి ఖనిజం దగ్గర లెక్క తేడా వచ్చింది. అందులో ఉన్న యురేనియం ఎంతో తెలుసు, దానికి ఎన్ని కిరణాలు రావాలో తెలుసు. కానీ అంతకు కొన్ని రెట్లు ఎక్కువ వస్తున్నాయి. మన క్యాష్ పుస్తకంలో రాసినదానికంటే పెట్టెలో డబ్బు ఎక్కువ ఉంటే ఏం చేస్తాం? ఎవరో కట్టారు, పేరు ఎక్కలేదు అనుకుంటాం. మేరీ కూడా అదే అనుకుంది. మళ్లీ మళ్లీ కొలిచి, తప్పు తన కొలతలో లేదని తేల్చుకుంది. ఇందులో ఎవరికీ తెలియని పదార్థం ఇంకొకటి ఉంది, చాలా కొద్దిగా ఉంది, చాలా బలంగా ఉంది. పియరీ తన పని పక్కన పెట్టి ఆమెతో కలిశాడు. 1898 జులైలో ఒక కొత్త మూలకాన్ని ప్రకటించి, పటంలో లేని తన దేశం పేరు మీద దానికి పొలోనియం అని పేరు పెట్టింది. డిసెంబరులో ఇంకొకటి, రేడియం.

కానీ చూపించమన్నారు పెద్దలు. కొలతలు చాలవు, పదార్థం చేతిలో పెట్టాలి. అప్పటి ఆస్ట్రియా రాజ్యంలోని ఒక గని నుంచి, యురేనియం తీసేసి పారబోసిన పిప్పి తెప్పించుకున్నారు. గోనె సంచుల్లో, దేవదారు ఆకులు కలిసిన గోధుమ రంగు మట్టి, టన్నుల కొద్దీ. పని చేసే చోటు ఒక పాత షెడ్డు. ఒకప్పుడు వైద్య విద్యార్థులు శవాలు కోసిన చోటది, తర్వాత దానికి కూడా పనికిరాదని వదిలేశారు. పైన గాజు కప్పు, వానొస్తే కారుతుంది. వేసవిలో ఉడుకు, చలికాలంలో గడ్డకట్టే చలి. మేరీ ఒక్కోసారి 20 కిలోల మట్టిని పెద్ద బానల్లో ఆమ్లాలు పోసి మరిగించేది. తన ఎత్తు ఉన్న ఇనుప కడ్డీతో గంటల తరబడి కలిపేది. పొగ పోయే గొట్టం లేదు కాబట్టి ఆరుబయట కాచేది, వానొస్తే లోపలికి మోసేది. పెళ్లిళ్లకి పెద్ద గుండిగల్లో వంట చేసే మన ఆడవాళ్లకి ఆ చేతుల నొప్పి తెలుస్తుంది. ఇలా నాలుగేళ్లు. 1902 నాటికి టన్నుల మట్టి నుంచి తేలింది గ్రాములో పదో వంతు రేడియం లవణం. చిటికెడు కూడా కాదు. అయినా దాన్ని తూచి దాని పరమాణు భారం లెక్క తేల్చింది.

రాత్రి పూట భార్యాభర్తలిద్దరూ భోజనం అయ్యాక ఆ షెడ్డుకి నడిచి వెళ్లేవారట, దీపం పెట్టకుండా చీకట్లో నిలబడి చూడటానికి. బల్లల మీద సీసాలు నీలంగా వెలుగుతూ ఉండేవి. మన ఊళ్లలో బండి నంబర్లు, స్టిక్కర్లు వేసే షాపుల మీద రేడియం అని రాసి ఉంటుంది చూడండి, ఆ పేరు ఇక్కడి నుంచి వచ్చిందే. ఆ స్టిక్కర్లలో రేడియం ఏమీ ఉండదు, లైటు పడితే తళుక్కుమనే కాగితమే. అసలు రేడియం లైటు పడకపోయినా వెలుగుతుంది.

1903లో భౌతిక శాస్త్రానికి నోబెల్ బహుమతి వచ్చింది, బెక్వెరెల్‌కి సగం, క్యూరీ దంపతులకి సగం. మొదట కమిటీ ముందుకి వెళ్లిన కాగితంలో మేరీ పేరు లేనే లేదు. బెక్వెరెల్, పియరీ ఇద్దరే. స్వీడన్‌లో ఒక లెక్కల పండితుడు ఈ సంగతి పియరీ చెవిన వేశాడు. ఆమె పేరు లేకుండా కుదరదని పియరీ రాశాడు. అప్పుడు చేరింది. నోబెల్ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆమే. ఆ డబ్బులో కొంత అక్కకి, బావకి అప్పుగా ఇచ్చింది, వాళ్లు క్షయ రోగులకి ఆసుపత్రి పెట్టుకుంటున్నారు. తల్లి పోయింది ఆ జబ్బుతోనే కదా. కొంతతో ఇంట్లో స్నానాల గది కట్టించుకుంది. తనకి ఒక కొత్త టోపీ కూడా కొనుక్కోలేదని కూతురు తర్వాత రాసింది.

ఆ రోజుల్లోనే రేడియంతో చెడు గడ్డలు కరిగించవచ్చని డాక్టర్లు కనుక్కున్నారు. మనవాళ్లు క్యాన్సర్ వచ్చి పట్నం వెళ్లి కరెంటు పెట్టించుకున్నారు అంటామే, ఆ వైద్యానికి మొదలు ఇది. ఇప్పుడు పెద్ద మిషన్లు వచ్చాయి, అప్పట్లో రేడియం సన్న గొట్టంలో పెట్టి గడ్డ దగ్గర ఉంచేవారు. రేడియం ధర ఆకాశానికి పోయింది. తయారీ పద్ధతికి పేటెంటు తీసుకుంటే క్యూరీలు కోటీశ్వరులు. ఇద్దరూ మాట్లాడుకుని వద్దనుకున్నారు, శాస్త్రం అందరిదీ అని. అడిగిన ప్రతి ఫ్యాక్టరీకీ పద్ధతంతా ఊరికే రాసి పంపారు. అందరూ దీన్ని గొప్ప త్యాగం అని రాస్తారు. నాకైతే పూర్తిగా మింగుడుపడలేదు. ఆ ఫ్యాక్టరీల వాళ్లు లాభం తీసుకున్నారు, ఈవిడ తర్వాత ఒక్క గ్రాము రేడియం కొనుక్కోలేక అవస్థ పడింది. ఆ సంగతి ముందు చెప్తాను.

1906 ఏప్రిల్ 19, వాన రోజు. పియరీ రోడ్డు దాటుతూ జారి గుర్రపు బండి చక్రం కింద పడ్డాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. మేరీకి 38 ఏళ్లు, ఐరీన్‌కి ఎనిమిది, చిన్నది ఈవ్‌కి ఏడాదిన్నర. ప్రభుత్వం వితంతువు పింఛను ఇస్తామంది. పని చేసుకుని పిల్లలను పెంచుకోగలను, వద్దు అంది. మా సంఘంలో దీని గురించి చదివితే పెద్ద వాదన అయింది. పింఛను మన హక్కు, ఎందుకు వదలాలి అని ఒకరు, చేతిలో ఉద్యోగం ఉన్నామెకి, మనకీ పోలికేమిటి అని ఇంకొకరు. నాకు రెండోదే నిజం అనిపించింది. విశ్వవిద్యాలయం భర్త చేసిన పని ఆమెకి అప్పజెప్పింది. నవంబరు 5న మొదటి పాఠం. హాలు కిక్కిరిసిపోయింది. భర్తను తలుచుకుని ఏడుస్తుందని, పెద్ద ఉపన్యాసం ఇస్తుందని జనం వచ్చారు. ఆమె నేరుగా వచ్చి, పియరీ ఏ వాక్యం దగ్గర పాఠం ఆపాడో అక్కడి నుంచి మొదలెట్టి, గంట పాఠం చెప్పి వెళ్లిపోయింది. ఆ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన మొదటి స్త్రీ అలా మొదలెట్టింది.

1911 చెడ్డ ఏడు. జనవరిలో శాస్త్రవేత్తల అకాడమీ ఎన్నికలో అతి కొద్ది ఓట్ల తేడాతో ఓడించారు. ఆడది, పైగా పరాయి దేశంది అని పత్రికలు రాశాయి. ఆ నవంబరులో ఇంకా ఘోరం. లాంజెవిన్ అనే శాస్త్రవేత్త భార్యతో పడక విడిగా ఉంటున్నాడు. అతనికీ మేరీకీ సంబంధం ఉందని పత్రికలకెక్కింది, ఉత్తరాలు అచ్చయ్యాయి. జనం ఇంటి మీదికి వచ్చి అరిచారు. పిల్లలను తీసుకుని స్నేహితుల ఇంట్లో తలదాచుకుంది. లాంజెవిన్ ఇంటి మీదికి మాత్రం ఎవరూ ఇలా వెళ్లలేదు, అతని ఉద్యోగం అతనికి ఉంది. అదే సమయంలో ఆమెకి రెండో నోబెల్ బహుమతి ప్రకటించారు, ఈసారి రసాయన శాస్త్రంలో. బహుమతి కమిటీలో ఒకాయన, ఈ గొడవ తేలేదాకా రావద్దని ఉత్తరం రాశాడు. బహుమతి నా పనికి ఇచ్చారు, నా ఇంటి సంగతికి కాదు అనే అర్థం వచ్చేట్టు బదులు రాసి, డిసెంబరులో స్వీడన్‌కి వెళ్లి అందుకుంది. పక్కన ఎవరున్నారో తెలుసా? బ్రోన్యా, 14 ఏళ్ల ఐరీన్. తిరిగి వచ్చాక చాలా జబ్బు పడింది. ఆపరేషను అయింది, కోలుకోవడానికి ఏడాది పైన పట్టింది.

1914లో యుద్ధం వచ్చింది. జర్మన్లు పారిస్ మీదికి వస్తుంటే, ప్రయోగశాలలో ఉన్న రేడియం మొత్తం సీసం పెట్టెలో పెట్టుకుని ఒక్కతే రైల్లో బోర్డో పట్టణానికి మోసుకెళ్లి దాచి, మర్నాడే వెనక్కి వచ్చేసింది. తర్వాత ఎక్స్‌రే పని పట్టుకుంది. సైనికుల ఒంట్లో తూటా ఎక్కడుందో తెలియక డాక్టర్లు గుడ్డిగా కోస్తున్నారు. మేరీ డబ్బున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి కార్లు అడిగి తెచ్చింది, వాటిలో ఎక్స్‌రే మిషను, కారు ఇంజనుతో తిరిగే డైనమో పెట్టించింది. ఇలాంటివి 20 దాకా తయారు చేయించింది, ఆసుపత్రుల్లో 200 గదులు ఏర్పాటు చేసింది. డ్రైవింగ్ నేర్చుకుంది, టైరు మార్చడం నేర్చుకుంది. 150 మంది ఆడవాళ్లకి ఎక్స్‌రే పని నేర్పింది. వాళ్లందరూ సైన్సు చదివినవాళ్లు కాదు, నేర్చుకుని చేశారు. ఐరీన్ 18 నిండేసరికే యుద్ధభూమి ఆసుపత్రిలో పని చేసింది. ఈ గదుల్లో, కార్లలో 10 లక్షల మందికి పైగా సైనికులకి ఎక్స్‌రే తీశారని లెక్క.

ఇప్పుడు ఆ ఒక్క గ్రాము సంగతి. 1920లో అమెరికా నుంచి మెలొనీ అనే ఆమె వచ్చింది. ఆడవాళ్ల పత్రిక నడిపే సంపాదకురాలు. మేరీని కలిసి మీకేం కావాలి అని అడిగింది. ఒక గ్రాము రేడియం కావాలంది మేరీ, కొనే శక్తి లేదంది. అప్పటికి అమెరికాలో 50 గ్రాముల దాకా ఉంది. ఏ ఊళ్లో ఎంత ఉందో మేరీ చెప్పగలదు. కనిపెట్టిన ఆమె ప్రయోగశాలలో మాత్రం ఒక్క గ్రాముకి మించి లేదు, అది కూడా వైద్యానికే పోతోంది. గ్రాము ధర లక్ష డాలర్లు. మెలొనీ తిరిగి వెళ్లి, మొదట పదిమంది ధనవంతులైన ఆడవాళ్లు తలా పదివేలు వేస్తే అయిపోతుంది అనుకుంది. అంతమంది దొరకలేదు. అప్పుడు పత్రికలో రాసి దేశమంతా ఆడవాళ్లను అడిగింది. కాలేజీ పిల్లలు, ఇల్లాళ్లు, ఆడవాళ్ల సంఘాలు, ఎవరికి తోచినంత వాళ్లు పంపారు. ఏడాది తిరగకుండా లక్ష డాలర్లు పోగయ్యాయి. చిన్న చిన్న మొత్తాలు కలిస్తే ఎంతవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

1921 మే 20న అమెరికా అధ్యక్షుడి భవనంలో ఆ రేడియం మేరీకి ఇవ్వాలి. ముందు రోజు రాత్రి దానపత్రం ఆమెకి చూపించారు. అందులో రేడియం మేరీ క్యూరీకి ఇస్తున్నట్టు ఉంది. ఆమె చదివి ఇది మార్చాలంది. నా పేరు మీద ఉంటే నేను పోయాక నా కూతుళ్ల ఆస్తి అవుతుంది. ఇది ప్రయోగశాలకి చెందాలి అని. వచ్చే వారం మార్పిద్దాం అన్నారు. వచ్చే వారం కాదు, రేపు కాదు, ఈ రాత్రే అంది, నేను ఈలోగా చనిపోవచ్చు కదా అని. ఆ రాత్రి పూట ఒక లాయరుని వెతికి పట్టుకొచ్చి కాగితం తిరగరాయించారు. పేటెంటు విషయంలో నేను ఆమెతో ఒప్పుకోకపోయినా ఈ విషయంలో రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. ఉమ్మడి సొమ్ముతో కొన్న టెంటు సామాను, పాల క్యాన్లు ఒకరి పేరు మీద బిల్లు రాయించి, ఆ మనిషి పోయాక వాళ్ల ఇంటివాళ్లు మావే అని కూర్చున్న గొడవలు మన మండలంలో ఎన్ని చూడలేదు? మర్నాడు అధ్యక్షుడు ఆమె చేతికి ఒక చిన్న తాళం చెవి ఇచ్చాడు. రేడియం బరువైన సీసం పెట్టెలో ఉంది. ఆ ప్రయాణంలో జనం చెయ్యి పట్టుకుని ఊపీ ఊపీ, ఆమె చేతికి కట్టు కట్టుకోవాల్సి వచ్చింది.

1929లో అమెరికా ఆడవాళ్లే రెండో గ్రాముకి డబ్బు పోగు చేసి ఇచ్చారు. అది ఆమె తన దగ్గర పెట్టుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్ మళ్లీ దేశమైంది. వార్సాలో క్యాన్సర్ రోగుల కోసం రేడియం సంస్థ కట్టించడానికి వెంటపడి పని చేసింది డాక్టరు బ్రోన్యా. రెండో గ్రాము అక్కడికి వెళ్లింది. 1932లో ఆ సంస్థ తెరిచారు.

రేడియం చేసిన చెడు కూడా చెప్పాలి. అమెరికాలో గడియారాల ముళ్లు చీకట్లో వెలగాలని రేడియం రంగు వేయించేవారు. పని చేసేది చిన్న వయసు ఆడపిల్లలు. కుంచె కొస సన్నగా రావడానికి పెదాలతో తడిపి మొన చేయమని నేర్పారు. ఏమీ కాదని చెప్పారు. కొన్నేళ్లకి పళ్లు ఊడి, దవడ ఎముకలు కుళ్లి ఒక్కొక్కరే చనిపోయారు. మిగిలినవాళ్లు జబ్బుతోనే కోర్టుకెక్కి 1928లో పరిహారం సాధించారు. మేరీ వేళ్ల కొసలు కూడా ఎన్నడో కాలి గట్టిపడిపోయాయి. కళ్లకి శుక్లాలు వచ్చి నాలుగు ఆపరేషన్లు అయ్యాయి, ఎవరికీ తెలియనివ్వలేదు. పెద్ద అక్షరాలతో నోట్సు రాసుకుని పాఠం చెప్పేది. తన పిల్ల అంత ప్రేమగా పెంచిన రేడియం తన ఒళ్లే తింటోందని ఒప్పుకోవడానికి ఆమె మనసు ఒప్పలేదు. పనివాళ్లకి జాగ్రత్తలు చెప్పేది, తను పాటించేది కాదు. ఇది నాకు బాధ కలిగించిన విషయం. ఒంటి నొప్పి సంగతి ఆఖరుకి చూసుకునే అలవాటు అంత చదువుకున్నామెకి కూడా ఉంది.

1934 మొదట్లో కూతురు ఐరీన్, అల్లుడు ఫ్రెడెరిక్ కలిసి మామూలు పదార్థం నుంచి కిరణాలిచ్చే పదార్థం తయారు చేసి, చిన్న గొట్టంలో పెట్టి తెచ్చి ఆమెకి చూపించారు. కాలిపోయిన వేళ్లతో ఆ గొట్టం పట్టుకుని చూసింది. దానికి వాళ్లిద్దరికీ 1935లో నోబెల్ వచ్చింది, అప్పటికి తల్లి లేదు. 1934 జులై 4న, ఫ్రాన్సు కొండల్లో ఒక ఆసుపత్రిలో, 66 ఏళ్ల వయసులో మేరీ చనిపోయింది. ఒంట్లో రక్తం తయారవడం ఆగిపోయే జబ్బు. ఇన్నేళ్లు పడిన కిరణాల వల్లే అంటారు. ఆమె రాసుకున్న నోటు పుస్తకాలు ఇప్పటికీ సీసం పెట్టెల్లోనే ఉన్నాయి. చూడాలంటే, జరిగేదానికి నాదే బాధ్యత అని సంతకం పెట్టాలి.

పారిస్ పక్కన ఒక చిన్న ఊళ్లో, భర్త పక్కనే పూడ్చారు. మంత్రులు రాలేదు, ఉపన్యాసాలు లేవు. వార్సా నుంచి అక్క బ్రోన్యా, అన్న జోసెఫ్ వచ్చారు. సొంత దేశం నుంచి గుప్పెడు మట్టి తెచ్చి ఆ గోతిలో వేశారు. 1995లో ఫ్రాన్సు ప్రభుత్వం ఆ ఇద్దరి పెట్టెలనూ తీసి, దేశంలో గొప్పవాళ్లను ఉంచే పాంథియాన్ అనే భవనానికి మార్చింది. అప్పటిదాకా అక్కడ సొంత పని వల్ల చోటు దొరికిన ఆడమనిషి ఒక్కతీ లేదు. మేరీ పెట్టెకి లోపల సీసం రేకు వేశారు.